దెబ్బ తగిలింది ఫెండర్‌కి, రంగు పడింది తలుపుకి

2024 నవంబర్ 17, ఆదివారం సాయంత్రం. కార్తీక వనభోజనాలకు ముడసర్లోవ వెళ్ళి, కడుపు నిండా పులిహోర, కళ్ళ నిండా నిద్రతో తిరిగి వచ్చాం. విశాఖ అక్కయ్యపాలెంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా కారు నిలిపే చోటు పక్కనే ఒక పిల్లర్ ఉంది. పదకొండేళ్ళుగా ఆ పిల్లర్‌కీ కారుకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉండేది. ఆ రోజు లేదు.

చప్పుడు వినగానే బ్రేకు నొక్కాను. ఆ తరువాత కంగారులో వెనక్కి తీసి, ఉన్న గీతను ఇంకాస్త పొడిగించాను. దిగి చూస్తే ముందు ఎడమ ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) మీద మూరెడు గీత, దాని చివర రూపాయి బిళ్ళంత సొట్ట. మధ్యలో రంగంతా లేచిపోయి రేకు కనిపిస్తోంది. వెనక సీటులోంచి దిగిన మావయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి, "పిల్లర్‌కేమీ కాలేదమ్మా" అన్నారు. ఆయన షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. ఓదార్చడం ఆయనకు అలాగే వచ్చు.

కారు 2013 స్విఫ్ట్. రంగు సిల్కీ సిల్వర్. ఈ కథంతా ఆ సిల్వర్ వల్లే ఇంత పొడుగైంది. మామూలు తెల్ల కారో, మెరుపు లేని ఎర్ర కారో అయి ఉంటే ఒక్క పేరాతో ముగించేదాన్ని.

19వ తేదీ, మంగళవారం స్కూలు అయ్యాక సర్వీస్ సెంటర్‌కి తీసుకువెళ్ళాను. అక్కడి అబ్బాయి ఒక్కసారి చూసి, ఫెండర్‌కీ ముందు తలుపుకీ కలిపి 7,800 రూపాయలు, నాలుగు రోజులు అన్నాడు. తలుపుకేమీ కాలేదు కదా అన్నాను. "కాలేదు మేడం. అయినా వేయాలి. లేకపోతే కలవదు" అన్నాడు. కాలికి దెబ్బ తగిలితే చేతికి కూడా కట్టు కడతానన్నట్టు వినిపించింది నాకు. ఇంటికి వచ్చే దారిలో కంచరపాలెంలో రోడ్డు పక్క పెయింటర్‌ని అడిగితే ఫెండర్ ఒక్కదానికి 2,500 అని, "సిల్వర్ కదమ్మా, అచ్చంగా రాదు, ముందే చెబుతున్నాను" అన్నాడు. ఒకాయన అనవసరమైన తలుపు అంటగడుతున్నాడు, రెండో ఆయన మొదలుపెట్టకముందే చేతులెత్తేస్తున్నాడు. నేను లెక్కల టీచర్‌ని. కాగితం మీద లెక్క వేసుకుంటే సామాన్లకు 1,500 దాటలేదు. మావారు ఓడ మీద ఉన్నారు, ఫిబ్రవరి దాకా రారు. ఆయన వచ్చేలోగా గుట్టుచప్పుడు కాకుండా నేనే వేసేద్దామనుకున్నాను.

బానెట్ ఎత్తితే కనిపించే పలక మీద రంగు కోడ్ ఉంది: జెడ్ 2 ఎస్. ఆ కోడ్‌తో ఆన్‌లైన్‌లో స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. 21న రంగు డబ్బా, రంగు కింద వేసే ప్రైమర్ డబ్బా, రంగు పైన మెరుపుకు వేసే క్లియర్ డబ్బా కలిపి 1,480 రూపాయలకు తెప్పించుకున్నాను. ఆరు రోజులకు, అంటే 27న వచ్చాయి. ఈలోగా బయటపడిన రేకు మీద ఎర్రటి తుప్పు చుక్కలు పడ్డాయి. పది రోజులు కూడా కాలేదు! మా ఊరి ఉప్పు గాలి సంగతి తెలిసి కూడా ఆ చోట కాస్త గ్రీజైనా రాయకుండా వదిలేయడం నా మొదటి తప్పు. తుప్పు పోయేదాకా 180 నంబరు గరుకు కాగితంతో రుద్దడానికే ఒక సాయంత్రం పట్టింది.

సొట్టకు లప్పం పెట్టాను. లప్పంలో హార్డెనర్ శనగగింజంత కలిపితే చాలు. మొదటిసారి ఉసిరికాయంత కలిపితే రేకు మీదికి వెళ్ళకముందే చేతిలోని అట్ట మీద రాయిలా బిగుసుకుపోయింది. ఆరాక చిన్న చెక్కముక్కకు 320 కాగితం చుట్టి చదును చేశాను. కంటికి నున్నగా కనిపించింది. మావయ్యగారు వచ్చి కళ్ళు మూసుకోమన్నారు. నా అరచేతి కింద పలుచటి పాత పంచె ముక్క పెట్టి ఫెండర్ మీద జరపమన్నారు. గుడ్డ మీదుగా తడిమితే అంచు స్పష్టంగా తగిలింది! ఉత్త చేతికి తెలియని ఎత్తుపల్లాలు గుడ్డ అడ్డం ఉంటే ఎందుకు తెలుస్తాయో గానీ, తెలుస్తాయి. ఆ అంచు పోవడానికి మరో గంట రుద్దాను. ఓడలకు ఇంత నున్నగా చేస్తారా అని అడిగితే, "ఓడకు రంగు కలిసిందా లేదా అని సముద్రం చూడదమ్మా" అన్నారు.

డిసెంబర్ 1, ఆదివారం మొదటిసారి రంగు వేశాను. మబ్బు పట్టి ఉంది, గాలిలో చెమ్మ. బట్టలు రెండు రోజులైనా ఆరని వాతావరణం. పేరుకే సెల్లార్ గానీ, మాది నేలమట్టంలోనే మూడు వైపులా తెరిచి ఉంటుంది కాబట్టి ఊపిరాడుతుంది. తులసికోట దగ్గర వాచ్‌మన్ భార్య పెట్టిన కార్తీక దీపం వెలుగుతోంది. స్ప్రే డబ్బా మీద మంట బొమ్మ చూసి గుండె ఝల్లుమంది. ఆమెకు చెప్పి, దీపం ఆరాకే మొదలుపెట్టాను. ఇది ఎవరూ ముందు చెప్పని విషయం: రంగు వేసే ముందు చుట్టుపక్కల దీపాలు, అగరువత్తులు, ఇస్త్రీ బండి బొగ్గులు ఎక్కడున్నాయో చూసుకోవాలి.

రంగు మూడు పూతలు వేసి, అరగంట ఆగి క్లియర్ కొట్టాను. కళ్ళ ముందే ఫెండర్ మీద పాలు చల్లినట్టు తెల్లటి మసక కమ్మింది. థిన్నర్ గబగబా ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుందట. చల్లబడ్డ పొర మీద గాలిలోని తేమ మంచులా పట్టేస్తుంది. చెమ్మ ఉన్న రోజున ఈ రకం క్లియర్ వేయకూడదని అప్పుడు తెలిసింది. సరే, మసకను పక్కన పెట్టి రంగు చూద్దామంటే అదీ కలవలేదు. బానెట్ ముత్యపు బూడిద రంగులో ఉంటే నా ఫెండర్ స్టీలు గిన్నె అడుగులా కాస్త నీలంగా, కాస్త నల్లగా ఉంది. పది అడుగుల దూరం నుంచి కూడా తెలుస్తోంది. మూడో అంతస్తు పిన్నిగారు మెట్లు దిగుతూ, "కొత్త డిజైనా?" అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. అదే ఎక్కువ బాధ.

ఆ రాత్రి నాకు ఏడుపు రాలేదు గానీ, కూర మాత్రం మాడిపోయింది.

తరువాత రెండు వారాలు పరీక్ష పేపర్లు దిద్దడంతో సరిపోయింది. ఆ ఫెండర్‌తోనే స్కూలుకి వెళ్ళాను. కారును ఎడమ వైపు గోడకు దగ్గరగా ఆపడం అలవాటైంది.

డిసెంబర్ 14, రెండో శనివారం. ఎన్ఏడీ కూడలి మీదుగా గాజువాక వెళ్ళి ఆటోనగర్‌లో రంగులు కలిపే దుకాణాలు వెతికాను. కారు రంగు కలిపించుకోవాలంటే పెట్రోలు మూత, అంటే బయటి రేకు తలుపు, ఊడదీసి నమూనాగా పట్టుకెళ్ళాలని ఎవరో చెప్పారు. ముందు రోజే మెకానిక్ చేత తీయించి, ఒడిలో తువ్వాలులో చుట్టి పెట్టుకున్నాను. ఆటోవాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

రంగు కలిపే మేస్త్రీకి అరవై ఏళ్ళు ఉంటాయి. నేను కోడ్ చెప్పగానే తలాడించి, రంగు నమూనా చిప్పుల పుస్తకం ఒకటి తీశాడు. ఒకే జెడ్ 2 ఎస్ కింద నాలుగైదు చిప్పులు! ఒకటి కాస్త తెల్లన, ఒకటి పసుపు ఛాయ, ఒకటి మోటు మెరుపు. ఫ్యాక్టరీలో కోడ్ ఒకటే అయినా, కలిపిన ప్రతిసారీ, వేసిన ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా వస్తూనే ఉంటుందట. అలా పోగైన తేడాలకే ఇన్ని చిప్పులు. పైగా మన కారు పదేళ్ళు ఎండలో నిలబడింది. "కోడ్ ఇంటి పేరు లాంటిది మేడం. ఇంటి పేరు ఒకటైతే మొహాలు ఒకటవుతాయా?" అన్నాడు.

ఆ తరువాత ఆయన చేసిన పని చూసి నాకు మతిపోయింది. నా పెట్రోలు మూతలో సగానికి టేపు అంటించి, మిగతా సగాన్ని కాంపౌండ్ అనే పాలిష్ ముద్దతో రుద్దాడు. టేపు తీస్తే రెండు సగాలూ రెండు రంగులు! మనం పాత రంగు అనుకునేదానిలో కొంత అసలు రంగు కాదు, పైన పేరుకున్న మసి, ఎండకు చచ్చిన క్లియర్. మాసిన మూతకు కలిపిస్తే, ఎప్పుడైనా కారు పాలిష్ చేయించిన రోజున మళ్ళీ తేడా కనిపిస్తుంది. అందుకని ముందు పాతదాన్ని రుద్ది, ఆ మెరిసిన సగానికే కలపాలి. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికైనా ఆటోనగర్ దాకా వెళ్ళవచ్చు. చివరికి మూత మొత్తాన్ని మెరుగుపెట్టి ఇచ్చాడు.

కలపడానికి రెండు గంటలు పట్టింది. కింద తూకం యంత్రం, గ్రాములో పదో వంతు వరకూ చూపించేది. సన్న వెండి, మోటు వెండి, నలుపు, నీలం, కాస్త తెలుపు. ఒక్కో చుక్క వేసి, కలిపి, అట్టముక్క మీద స్ప్రే గన్‌తో కొట్టి, ఆరబెట్టి, దాని మీద క్లియర్ కొట్టి, అప్పుడు బయట ఎండలోకి తీసుకెళ్ళి మూత పక్కన పెట్టి చూసేవాడు. ఎదురుగా చూసి, తరువాత తల వంచి ఏటవాలుగా చూసి, "ఎదురు కలిసింది, వాలు నల్లబడింది" అనేవాడు. సిల్వర్‌లో ఉండేవి అల్యూమినియం పొట్టు రేకలు. అవి బల్లపరుపుగా పడుకుంటే ఎదురుగా తళతళలాడి పక్క నుంచి నల్లగా కనిపిస్తాయి. అడ్డదిడ్డంగా నిలబడితే ఎదురు మసకబారి పక్క తెల్లబడుతుంది. కాబట్టి సిల్వర్‌కి రెండు రంగులుంటాయి, రెండూ కలవాలి. నాలుగో అట్టకు ఒప్పుకున్నాడు. ట్యూబులైటు కింద మూడోదే కలిసినట్టు నాకనిపించింది. "లైటు కింద కలిసింది ఎండలో విడిపోతుంది. పెళ్ళిచూపులు పగలే పెట్టేది అందుకే కదా" అన్నాడు.

250 మిల్లీలీటర్ల రంగు 900 రూపాయలు. దానితో పాటు హార్డెనర్ కలిపి వాడే పీయూ (పాలీయురేథేన్) క్లియర్ అర లీటరు 850, నిదానంగా ఆరే రకం థిన్నర్ 220. గన్ కూడా ఆయనే ఇచ్చాడు, వెయ్యి డిపాజిట్, 200 అద్దె. నేను ఖర్చు తగ్గిద్దామని చూసినా ఆయన ఊరుకోని వస్తువు ఒకటే: ముక్కుకు రెండు వైపులా గుండ్రటి ఫిల్టర్లున్న మాస్కు, 1,650 రూపాయలు. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటిని పీల్చితే ఉబ్బసం పట్టుకోవచ్చు, గుడ్డ మాస్కు వాటిని ఆపదు. చేతి తొడుగులు, కళ్ళద్దాలు 180.

డిసెంబర్ 22, ఆదివారం. వారం నుంచి సాయంత్రాలన్నీ పాత రంగు దించడానికే పోయాయి. వేళ్ళ చివర్ల చర్మం లేచిపోయి ఫోను నా వేలిముద్ర గుర్తుపట్టడం మానేసింది. మా వీధి వడ్రంగి మేస్త్రీ దగ్గర కంప్రెసర్ 400కి రోజు అద్దెకు తెచ్చాను. ఇచ్చేటప్పుడు ట్యాంకు అడుగున మర విప్పి నీళ్ళు వదలమన్నాడు. గాలి పట్టే ట్యాంకులో నీళ్ళేమిటి అనుకుంటూనే విప్పాను. గ్లాసెడు తుప్పు నీళ్ళు వచ్చాయి! విశాఖ గాలిని నొక్కితే నీళ్ళే వస్తాయి మరి. విప్పకపోయి ఉంటే అవన్నీ బొట్లు బొట్లుగా రంగులో పడేవి. ఆ రోజు గంటకోసారి వదిలాను, ప్రతిసారీ కొంచెం వచ్చింది.

ఈసారి నేరుగా ఫెండర్ జోలికి పోలేదు. బిస్కెట్ డబ్బాల మూతలు నాలుగు సిద్ధం చేసుకున్నాను. వాటికీ అదే ప్రైమర్ వేసి, ఒకదానికి రెండు పూతలు, ఒకదానికి మూడు, ఒకదానికి దగ్గర నుంచి తడిగా, ఒకదానికి దూరం నుంచి పొడిగా కొట్టి, అన్నిటికీ క్లియర్ వేశాను. ఒకే డబ్బాలోని రంగు నాలుగు మూతల మీద నాలుగు రకాలుగా కనిపించింది. తడిగా కొట్టింది నల్లగా ఉంది, పొడిగా కొట్టింది తెల్లగా. మొదటి డబ్బాతో నేను చేసిన పాపంలో సగం ఇదేనని అప్పుడర్థమైంది: దగ్గరగా పెట్టి తడిపి తడిపి కొట్టాను, వెండి రేకలన్నీ మునిగిపోయాయి. ఇంకో మాట. క్లియర్ పడనంత వరకూ సిల్వర్ మసకగా, లేతగా ఉంటుంది. దాన్ని చూసి రంగు కలవలేదని గుండె బాదుకోనక్కర లేదు. క్లియర్ పడ్డాక లోతు వస్తుంది.

జానెడు దూరంలో గన్ పట్టుకుని, ఒక్కో వరుస ముందు వరుసను సగం కప్పేలా, మూడు పూతలు. మధ్యలో పదిహేను నిమిషాల విరామం. మూడో పూత ఆరుతుంటే పులి మీద చారల్లా నల్లవీ తెల్లవీ పట్టీలు తేలాయి. రంగుల మేస్త్రీ ముందే చెప్పాడు కాబట్టి కంగారు పడలేదు. గన్‌ను మూరెడు దూరం తీసుకెళ్ళి, గాలి తగ్గించి, పన్నీరు చల్లినట్టు ఒక్క పూత చల్లితే చారలు మాయమయ్యాయి. ఈ రెండు నెలల్లో నాకు నిజంగా సంతోషం కలిగిన క్షణం అదొక్కటే. గర్వంగా మావయ్యగారిని పిలిచి చూపించాను. "బాగుంది. మాస్కు తీయకు" అన్నారు.

తరువాత క్లియర్ రెండు పూతలు. అద్దంలా వచ్చింది. సాయంత్రం అయిదున్నరకు దోమలు మొదలయ్యాయి. ఒకటి సరిగ్గా ఫెండర్ నడినెత్తిన వాలి ఈత కొట్టడం మొదలుపెట్టింది. తీయబోతే పెద్ద గాయమవుతుందని అలాగే వదిలేశాను. మధ్యాహ్నమే క్లియర్ కొట్టేసి ఉండవలసింది.

మర్నాడు ఉదయం ఏడు గంటలకు కారును బయట ఎండలోకి తీశాను. బానెట్ మీది మసిని మినహాయిస్తే ఫెండర్, బానెట్ కలిసిపోయాయి. ఎదురు, వాలు, రెండూ. పక్కకు వచ్చి తలుపుతో కలిపి చూశాను. కలవలేదు.

ఇది ఎలా సాధ్యం? ఒకే కారు. బానెట్‌తో కలిసిన రంగు తలుపుతో ఎందుకు కలవదు? తలుపు కాస్త పసుపు తిరిగిన బూడిద రంగులో ఉంది. మధ్యలో సన్నటి సందు, దానికి అటూ ఇటూ రెండు కార్లు. నేను అక్కడే రోడ్డు మీద నిలబడి ఉంటే మావయ్యగారు పాల ప్యాకెట్లతో వచ్చారు. ఒక్క నిమిషం చూసి, "ఆ తలుపులు హుద్‌హుద్‌వి కదమ్మా" అన్నారు.

నేను పూర్తిగా మరిచిపోయాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. తుపాను గాలికి ఎదురింటి రేకుల షెడ్డు ఎగిరివచ్చి కారు ఎడమ వైపు పడింది. రెండు తలుపులూ నొక్కుకుపోయాయి. ఊరంతా చెట్లు కూలి, కరెంటు లేక, నీళ్ళు లేక అల్లాడుతున్నప్పుడు కారు తలుపు రంగు ఎవరికి గుర్తుంటుంది? ఆ తరువాత మావారే ఎక్కడో బాగుచేయించారు. ఊళ్ళో ప్రతి కారుకీ ఏదో ఒక సొట్ట ఉన్న రోజులు, పెయింటర్ దొరకడమే గొప్ప. ఇప్పుడు తలుపు తీసి చూస్తే రబ్బరు అంచు మీద వెండి రంగు తుంపర స్పష్టంగా ఉంది. పదేళ్ళుగా రోజూ తీస్తున్న తలుపు! వెనక తలుపుకీ పెట్రోలు మూత ఉండే భాగానికీ మధ్య కూడా అదే తేడా. అన్నీ సమానంగా మాసిపోయి ఉండటంతో కంటికి ఆనలేదు. నేను ఒక్క ఫెండర్‌ని తళతళలాడించేసరికి పాత గుట్టంతా బయటపడింది.

డిసెంబర్ 28, మళ్ళీ ఆటోనగర్. ఈసారి కారుతోనే వెళ్ళాను. మేస్త్రీ చుట్టూ తిరిగి చూసి, ఫెండర్ దగ్గర ఆగి, "ఇది మీరే వేశారా?" అని అడిగాడు. అవునన్నాను. "దోమ ఒక్కటే తప్పు" అన్నాడు. మా బడిలో ఏ ఇన్‌స్పెక్టరూ నాకు ఇంత పెద్ద కితాబు ఇవ్వలేదు.

బానెట్‌కీ తలుపుకీ మధ్యస్థంగా ఉండే రంగు కలపవచ్చా అని అడిగాను. లెక్కల బుర్ర, సగటు తీయాలనిపిస్తుంది. అలా చేస్తే రెండింటితోనూ తేడా వస్తుందని నవ్వాడు. ఇక ఆయన చెప్పిన వైద్యం ఇది: ఫెండర్‌ని ముట్టుకోవద్దు. మిగిలిన రంగునే ముందు తలుపు మీదికి పాకించాలి. ఫెండర్ పక్క అంచు దగ్గర నిండుగా మొదలై, తలుపు మధ్యకు వచ్చేసరికి పలచబడి, పిడి దగ్గరికి వచ్చేలోగా ఏమీ లేకుండా పోవాలి. పైన తలుపు మొత్తానికి క్లియర్. పక్కపక్కన గీత గీసినట్టు ఉంటేనే కన్ను తేడాను పడుతుంది, మూరెడు దూరంలో నెమ్మదిగా మారితే పట్టుకోలేదు. పెద్ద పెద్ద షెడ్లలో కూడా సిల్వర్‌కి చేసేది ఇదేనట, తుపాను ఉన్నా లేకపోయినా.

అంటే, దెబ్బ తగలని తలుపుకి రంగు వేయాలి. నవంబర్ 19న ఆ అబ్బాయి చెప్పిన మాట! నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మరో అర లీటరు క్లియర్ కొనుక్కుని వచ్చేశాను.

సంక్రాంతి సెలవుల కోసం ఆగాను. సెలవుల్లో మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంత ఊళ్ళకు వెళ్ళిపోతారు, సెల్లార్ ఖాళీ. 13న వేద్దామనుకున్నాను. కానీ ఆ తెల్లవారుజామున వీధి మధ్యలో భోగి మంట. ఎనిమిదింటికి చూస్తే సెల్లార్‌లో నేల మీద, కారు మీద నల్లటి మసి పొరలు. కడిగినా గాలికి మళ్ళీ వచ్చి పడుతున్నాయి. తడి క్లియర్ మీద ఆ మసి పడితే ఇంక చెప్పేదేముంది. 14 పండగ. 15న కనుమ. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, మా వీధిలో బండి కూడా కదల్లేదు. దుమ్ము లేదు, ఎండ బాగుంది, గాలి పొడిగా ఉంది.

ముందు రాత్రే నేల తడిపి ఉంచాను. తలుపు మొత్తాన్ని 1000 నంబరు నీళ్ళ కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాను. ఎక్కడ మెరుపు మిగిలితే అక్కడ క్లియర్ పట్టదు, రేపు పొరలుగా లేస్తుంది. పిడి కింద మూలలు రుద్దడానికి పాత టూత్‌బ్రష్ పనికివచ్చింది. ఫెండర్‌కి కాగితాలు కప్పి టేపు వేశాను. పదకొండు గంటలకు మొదలుపెట్టాను. మొదటి పూత జానెడు వెడల్పు, రెండోది దాన్ని దాటి ఇంకో జానెడు, మూడోది ఇంకాస్త. ప్రతిసారీ వరుస చివరికి వచ్చేటప్పుడు మణికట్టు తిప్పి గన్ పైకి ఎత్తేయాలి, ముగ్గు కర్ర చివర వదిలినట్టు. మొదట భయం వేసింది గానీ, చేయి అలవాటు పడ్డాక గన్ కంటే మణికట్టే తెలివైనదనిపించింది. పలచబడే చోట కాస్త గరుకు పొడి పడింది. టాకీ గుడ్డతో, అంటే దుమ్ము అంటుకునే జిగురు గుడ్డతో, నెమ్మదిగా తుడిస్తే పోయింది. పన్నెండున్నరకు క్లియర్. మావయ్యగారు పై మెట్టు మీద కూర్చుని గారెలు తింటూ చూశారు. వాసనకి అసోసియేషన్ సెక్రటరీ గారు వస్తారేమోనని నా భయం. ఆయన అనకాపల్లిలో ఉన్నారని వాచ్‌మన్ చెప్పాక స్థిమితపడ్డాను.

మర్నాడు ఉదయం ఎండలోకి తీశాను. సందు దగ్గర తేడా లేదు. ఎక్కడ మారుతోందో తెలిసిన నాకే కనిపించడం లేదు. పిడి నుంచి వెనక తలుపు దాకా హుద్‌హుద్ రంగు హుద్‌హుద్ రంగుగానే ఉంది. అయినా చూసేవాళ్ళకు ఒక్కటే కారు.

పది రోజులు ఆరనిచ్చి జనవరి 26న జెండా వందనం నుంచి వచ్చాక దోమ సంగతి చూశాను. 2000 కాగితం సబ్బు నీళ్ళలో నానబెట్టి సున్నితంగా రుద్ది, కాంపౌండ్ పెట్టాను. రెక్క ఒకటి ఇంకా లోపల ఉంది, దాని జోలికి పోలేదు. ఇంకా లోతుకు వెళితే క్లియరే పోతుంది.

ఖర్చు లెక్క కూడా చెప్పాలి. మొదటి విడత డబ్బాలు 1,480, లప్పం, కాగితాలు, టేపు 410. రెండో విడత రంగు, క్లియర్, థిన్నర్, మాస్కు, తొడుగులు, గన్, కంప్రెసర్ కలిపి 4,400. మూడో విడత క్లియర్ 850, కంప్రెసర్ 400, గన్ 200, కాంపౌండ్ 300. మొత్తం 8,040 రూపాయలు. సర్వీస్ సెంటర్ అడిగినదానికంటే 240 ఎక్కువ, ఆటో ఛార్జీలు కాకుండా. వాళ్ళు నాలుగు రోజులన్నారు, నాకు డెబ్బై రోజులు పట్టింది. మాస్కు మిగిలింది, నలభై మిల్లీలీటర్ల రంగు మిగిలింది. దాన్ని గాజు సీసాలో పోసి మూత బిగించి, "ఫెండర్, బానెట్‌కి మాత్రమే. తలుపులకు కాదు" అని చీటీ అంటించాను.

ఫిబ్రవరి 9న మావారు వచ్చారు. ఎయిర్‌పోర్టు నుంచి నేనే తీసుకొచ్చాను. దారిలో బంకు దగ్గర ఆగాం. పెట్రోలు కొట్టిస్తూ ఆయన కారు చుట్టూ తిరిగారు, వేలితో ఫెండర్ మీద నుంచి తలుపు మీదుగా గీసుకుంటూ వెనక దాకా వెళ్ళారు. నేను ఊపిరి బిగబట్టాను. పెట్రోలు మూత దగ్గర ఆగిపోయి, ఒంగి చూసి, "ఈ మూతకి రంగు వేయించావా? కలవలేదే!" అన్నారు.